పౌర్ణమికి సరుగుడు బ్లాకు తెరిచిన ఏడాది

బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఒక ప్రైవేటు రిసార్టులో నేను ఫ్రంట్ ఆఫీస్ అసిస్టెంటుగా పనిచేశాను. డిగ్రీ అయిన ఏడాదే చేరాను. పెళ్ళయ్యాక తెనాలి నుంచి రైల్లో వెళ్ళి వస్తూ చేశాను. పాప పుట్టినప్పుడు సెలవు పెట్టి, మళ్ళీ డ్యూటీలో చేరింది రెండేళ్ళ కిందట, కార్తీకమాసం మొదలవుతుండగా. ఆ నెలే నా ఉద్యోగానికి ఆఖరి నెల అయింది. హోటలు పని ఎలా ఉంటుందని అడిగే అమ్మాయిలు మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. పాప పడుకున్నాక వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ఫ్రంట్ ఆఫీసు అంటే నవ్వుతూ తాళం చేతికిచ్చే అమ్మాయి అనుకుంటారు చాలామంది. తాళం ఇవ్వడం ఆ పనిలో చివరి భాగం. ఎవరిని ఏ గదిలో పెట్టాలన్నది గెస్టు రాకముందే ఆలోచించుకోవాలి. దీన్ని మేం బ్లాకింగ్ అంటాం. పెద్దవాళ్ళుంటే కింది గదులు, చంటిపిల్లలుంటే జనరేటరుకి దూరంగా, కాలేజీ కుర్రాళ్ళయితే అందరికీ దూరంగా. మా రిసార్టులో గదులు రెండు వరసలు. ఒక వరస కిటికీల్లోంచి సముద్రం కనపడుతుంది, రెండో వరస కిటికీల్లోంచి సరుగుడు తోట కనపడుతుంది. కాగితాల మీద వాటికి వేరే పేర్లున్నాయి గాని, పనివాళ్ళందరం సముద్రం బ్లాకు, సరుగుడు బ్లాకు అనే అనేవాళ్ళం. ముందు సముద్రం బ్లాకు నిండాలి. అది నిండితేనే సరుగుడు బ్లాకు తెరవాలి. ఇది రూలు.

హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళ బతుకు ఈ రూలు మీద నడిచేది. వాళ్ళు రిసార్టు ఉద్యోగులు కారు, కాంట్రాక్టరు మనుషులు. బ్లాకు తెరిస్తే పని, మూస్తే లేదు. పొద్దున్నే కౌంటరు దగ్గరికి వచ్చి తమ బ్లాకు తాళాల గుత్తి తీసుకుని నడుముకి దోపుకుంటారు. సాయంత్రం తిరిగి ఇచ్చేస్తారు. సముద్రం బ్లాకు గుత్తి నాగమణిది, సరుగుడు బ్లాకు గుత్తి మరియమ్మది. ఇద్దరిదీ ఒడ్డు పక్కన ఒకటే ఊరు, ఒకటే వీధి. మధ్యాహ్నం ఒకే క్యారేజీలో తినేవాళ్ళు. గుత్తి నడుముకి ఉన్నంతసేపూ ఇద్దరి నడకా వేరుగా ఉండేది.

నేను సెలవు నుంచి తిరిగి వచ్చేసరికి నా కుర్చీలో శ్రావణి ఉంది. రేపల్లె అమ్మాయి. నా సెలవు కాలానికని తీసుకున్నారు. సీజను వస్తోంది కాబట్టి ఇద్దరూ ఉండండి అన్నారు మా ఫ్రంట్ ఆఫీస్ మేనేజరు శేషగిరి గారు. శ్రావణి నాలాగే డిగ్రీ చదివింది. పెళ్ళి కాలేదు. బాపట్లలో లేడీస్ హాస్టల్లో ఉండేది. వాళ్ళ నాన్నకి రేపల్లె బస్టాండు దగ్గర పూలకొట్టు. నేను వెళ్ళేసరికి కంప్యూటరు తెర తన వైపుకి తిరిగి ఉంది. నేను కొనిపెట్టిన పెన్నుల స్టాండులో ఒక చామంతి పువ్వు గుచ్చి ఉంది.

"సునీతక్కా, మీ కుర్చీ మీరు తీసుకోండి" అని లేచింది.

కూర్చున్నాను. కుర్చీ ఎత్తు పెంచుకున్నట్టుంది, నా కాళ్ళు నేలకి అందలేదు.

పాత గెస్టులు ఫోన్ చేసి నా గొంతు విని "శ్రావణి గారు లేరాండి?" అని అడిగేవారు. ఆ పాత గెస్టులు నాకు పాత. ఆమెకి నిన్నగాక మొన్నటివాళ్ళు. మరియమ్మ అయితే నా మొహం మీదే అనేది: "శ్రావణమ్మ ఉంటే కౌంటరు కాడ పండగే మేడమ్." నేను మేడమ్, ఆమె శ్రావణమ్మ. ఇందులో నాకే గౌరవం ఎక్కువని బయటివాళ్ళు అనుకోవచ్చు. నాకు అలా అనిపించలేదు.

కార్తీకమాసం మా ఒడ్డుకి అసలు సీజను. ఆదివారాలు వనభోజనాలు, పౌర్ణమి నాడు సముద్ర స్నానాలు, దీపాలు. పౌర్ణమికి రెండు బ్లాకులూ బాగా ముందే నిండిపోతాయి. ఆ ఏడాది కూడా నిండాయి.

ఆ నెల మొదట్లోనే ఒక మధ్యాహ్నం రిసెప్షనులో టీవీ నడుస్తుండగా వార్త వచ్చింది. ఉత్తరాన, జనం సెలవులకి వెళ్ళే ఒక చోట, ఉగ్రవాదులు పర్యాటకుల మీద కాల్పులు జరిపారు. పోయినవాళ్ళలో పిల్లల్ని తీసుకుని సరదాగా వెళ్ళిన కుటుంబాలు ఉన్నాయి. గది ఖాళీ చేస్తున్న పెద్దాయన బిల్లు మీద సంతకం పెట్టబోయి ఆగి, పెన్ను పట్టుకుని అలాగే టీవీ వైపు చూస్తూ నిలబడ్డాడు. శ్రావణి కళ్ళు తుడుచుకుంది. నేను ఇంటికి ఫోన్ చేసి పాప ఏం చేస్తోందని మా అత్తయ్యని అడిగాను. "ఏం చేస్తుందీ, నిద్రపోతోంది" అంది. ఎక్కడో కాల్పులు జరిగితే తెనాలిలో పాపకేమవుతుంది? అది నాకూ తెలుసు. అయినా అడిగాను.

సాయంత్రం నుంచే ఫోన్లు మొదలయ్యాయి. ఏమీ అనుకోకండి, ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటున్నారు, ఈసారికి మానుకుంటాం. అందరూ మర్యాదగానే చెప్పారు.

తర్వాత ఒడ్డు మారిపోయింది. తీరమంతా అప్రమత్తంగా ఉండమని ఆదేశాలు వచ్చాయట. రోడ్డు మొదట్లోనే సంచులు తీసి చూసేవారు. పొద్దుగుంకితే ఇసక మీద ఎవర్నీ ఉండనిచ్చేవారు కాదు. గెస్టులందరి వివరాలూ, గుర్తింపు కార్డుల నకళ్ళూ మేం రోజూ సాయంత్రం స్టేషనుకి పంపాలి. అది అవసరమే, మాకేమీ అభ్యంతరం లేదు. కాని పంపడానికి గెస్టులేరీ? కంకులు కాల్చేవాళ్ళు బొగ్గులు వెలిగించడం మానేశారు. ఫొటోలు తీసే కుర్రాళ్ళు ఒకరినొకరు తీసుకుంటూ కూర్చునేవారు. బాపట్ల స్టేషను బయట "బీచ్, బీచ్" అని అరిచే ఆటోవాళ్ళు ఊళ్ళోకే తిప్పుకోవడం మొదలుపెట్టారు.

సరుగుడు బ్లాకు మూసేశారు. మరియమ్మ గుత్తి మా వెనక గోడకి, మేకుకి వేలాడుతూ ఉండిపోయింది. పని లేదని చెప్పినా ఆవిడ రోజూ వచ్చేది. గేటు పక్కన సరుగుడు చెట్టు కింద కూర్చుని లోపలికీ బయటికీ వెళ్ళేవాళ్ళని చూసేది. నాగమణి గుత్తి దోపుకుని అటు వెళ్తే ఊరుకునేది కాదు.

"ఏవే నాగమణీ, ఆ ఉగ్రవాదికి కూడా సముద్రం కనపడే గదులే నచ్చాయంటనా? నీ బ్లాకు ఉంచి నా బ్లాకు మూయించాడు."

"నన్నడుగుతావేంటే? వాడేమన్నా నాకు చుట్టమా?"

"చుట్టం కాకపోతే అంత నవ్వు మొహవేంటి నీకు?"

"ఏడుపు మొహం పెట్టుకుంటే నీకు గుత్తి ఇత్తారా?"

మొదట్లో ఇది వినోదంగానే ఉండేది. వారం తిరక్కుండానే క్యారేజీలు రెండయ్యాయి. తర్వాత మాటలు ఆగిపోయాయి. కాల్చినవాళ్ళ మీద కోపం లేదా అంటే ఉంది, టీవీ చూసినంతసేపూ తిట్టేవాళ్ళు. కాని వాళ్ళెవరో, ఎలా ఉంటారో ఇక్కడెవరికీ తెలీదు. నాగమణి నడుముకున్న గుత్తి మాత్రం మరియమ్మకి రోజూ కనపడేది.

నాకూ అంతే. సాయంత్రం రైలు దిగి ఇంటికి వెళ్తుంటే తెనాలి బజారు ఎప్పటిలాగే కిటకిటలాడుతూ ఉండేది. మా ఆయన ఒక బంగారం కొట్లో లెక్కలు చూస్తారు. పెళ్ళిళ్ళ సీజను, ఊపిరాడటం లేదు అనేవారు. ఈ ఊరు వార్త చూసింది, అయ్యో అంది, మళ్ళీ పనిలో పడింది. మా ఒడ్డుకి మాత్రమే పని పోయింది. భోజనానికి కూర్చుని ఆయన కొట్లో రద్దీ గురించి చెబుతుంటే నాకు ఒళ్ళు మండేది.

పౌర్ణమికి వారం రోజులుందనగా శేషగిరి గారు మమ్మల్నిద్దర్నీ పిలిచారు. నెలాఖరు తర్వాత పగటి డ్యూటీకి ఒక్కరినే ఉంచమని పైనుంచి చెప్పారట. "ఎవరని ఇప్పుడే అనను. రద్దు చేసుకున్నవాళ్ళందరికీ మళ్ళీ ఫోన్లు చెయ్యండి. సముద్రం బ్లాకు నిండి ఒక్క కుటుంబం మిగిలినా సరే, సరుగుడు బ్లాకు తెరుస్తాను" అన్నారు. బయట గేటు దగ్గర కూర్చున్న మరియమ్మకి ఈ మాట మా కంటే ముందే ఎలా తెలిసిందో తెలీదు.

ఫోన్లు చెరి సగం పంచుకున్నాం. నేను చాలా శ్రద్ధగా చేశాను. ఒక తల్లిగా నాకేం చెబితే ధైర్యంగా ఉంటుందో అవన్నీ చెప్పాను. రోడ్డు మొదట్లో చెకింగ్ ఉందండి, గేటు దగ్గర మళ్ళీ సంచులు చూస్తామండి, ఒడ్డు మీద పోలీసులు తిరుగుతూనే ఉంటారండి, గజ ఈతగాళ్ళున్నారండి, పక్కనే అంబులెన్సు ఉంటుందండి. "అంబులెన్సు కూడానా?" అని అడిగాడు ఒకాయన. తర్వాత చెప్తామని పెట్టేశాడు. దాదాపు అందరూ అలాగే పెట్టేశారు.

పక్కన శ్రావణి ఫోను వినపడేది. వినకూడదనుకుంటూనే వినేదాన్ని. పోలీసన్న మాటే ఉండేది కాదు.

"బామ్మగారికి మోకాళ్ళ నొప్పులన్నారు కదండీ, కింది గదే ఉంచాను. దీపాలకి అరటి దొప్పలు మీరు మోసుకు రాకండి, మా నాన్న రేపల్లె నుంచి పంపుతున్నారు. వత్తులు కూడా. అవునండి, ఉసిరికాయలు కూడా. మీరు ఖాళీ చేతులతో రండి చాలు."

వాళ్ళు వస్తున్నారు. ఒకరి తర్వాత ఒకరు. శ్రావణి ఫోను పెట్టినప్పుడల్లా పేరు పక్కన టిక్కు కొడుతుంటే ఆ పెన్ను చప్పుడు కూడా నాకు వినపడేది. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. పౌర్ణమి దీపానికి అరటి దొప్ప దొరక్కపోవడం ఎంత ఇబ్బందో నాకు తట్టలేదు. ఇన్నేళ్ళు ఆ కౌంటర్లో ఉండీ తట్టలేదు. పూలకొట్టు వాళ్ళింట్లో పుడితే నాకూ తట్టేదని మనసులో అనుకున్నాను.

మర్నాడు నేనూ అరటి దొప్పలతోనే మొదలుపెట్టాను. విజయవాడ నుంచి ఒకావిడ. ఇద్దరు పిల్లలు, అత్తగారు, వాళ్ళ చెల్లెలి కుటుంబం, అందరికీ కలిపి మూడు గదులు అడిగి రద్దు చేసుకున్నారు. ఆవిడ దొప్పల సంగతి మధ్యలోనే ఆపేసింది.

"అవన్నీ సరేనండీ. మీకు పిల్లలున్నారా?"

"పాప ఉందండి. ఏడాది ఇంకా నిండలేదు."

"మీరైతే పాపని తీసుకొస్తారా అక్కడికి, పౌర్ణమికి?"

ఈ ప్రశ్నకి ట్రెయినింగులో నేర్పిన జవాబు లేదు. శ్రావణి పెన్ను ఆగింది. గాజు తలుపు అవతల మరియమ్మ కనపడుతోంది.

"తీసుకొస్తానండి" అన్నాను.

"నిజంగానా?"

"మీరు వచ్చేసరికి కౌంటరు దగ్గరే ఉంటుంది. చూడండి."

"అయితే వస్తాం" అంది.

సముద్రం బ్లాకులో అప్పటికి ఒక గదే ఖాళీ ఉంది. మిగతా రెండిటికి సరుగుడు బ్లాకు తెరవాలి.

ఇంట్లో చెబితే మా ఆయన కేకలేశారు. "అందరూ రావడానికే భయపడుతుంటే నువ్వు చంటిపిల్లని తీసుకెళ్తావా? మతుందా?" భయం నాకూ ఉంది. ఆవిడకి చెప్పిన మాట మీద నాకు నమ్మకం ఉందో లేదో నాకే తెలీదు. మా అత్తయ్యే తేల్చింది. ఆవిడ చాలాకాలం మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయింది. "మాటిచ్చిందిగా. నేనూ వస్తాను, పాపని నేను చూసుకుంటాను" అంది. ఆదివారం చర్చిలో ఎవరైనా ఏమైనా అంటారేమోనని నేను నసిగాను. "దీపాలు వాళ్ళు వదులుతారు, మనం చూస్తాం. చూస్తే అరిగిపోతామా?" అంది.

పౌర్ణమి ముందురోజు మధ్యాహ్నానికి నేనూ అత్తయ్యా పాపా ముగ్గురం రిసార్టులో ఉన్నాం. కౌంటరు వెనక చిన్న గదిలో చాప వేసి పాపని కూర్చోబెట్టాం. విజయవాడ వాళ్ళ కారు వచ్చింది. ఆవిడ సామాను దించకుండానే లోపలికి వచ్చి, నమస్కారం కూడా చెప్పకుండా "ఏదండీ మీ పాప?" అని అడిగింది. అత్తయ్య పాపని ఎత్తి చూపించింది. ఆవిడ కాసేపు చూసి, "అయితే సంతకం ఎక్కడ పెట్టాలి?" అంది. ఆ తర్వాతే కారులోంచి పిల్లల్ని దింపారు.

మేకుకున్న గుత్తి తీసి మరియమ్మకి ఇచ్చింది నేనే. డ్యూటీ నాది కాబట్టి నేనే ఇచ్చాను. ఆవిడ దాన్ని దోపుకుని, నన్ను దాటి శ్రావణి దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది.

"నీ నోటి చలవేనమ్మా ఇదంతా."

"ఆ మూడు గదులూ సునీతక్క తెచ్చినవి మరియమ్మా. అవి రాకపోతే నీ బ్లాకు తెరిచేవాళ్ళే కాదు" అంది శ్రావణి.

"ఆఁ, మేడమ్ కూడా ఉందిలే" అని, కొంగు చాటు నుంచి రొయ్యల పచ్చడి సీసా తీసి శ్రావణి బల్ల మీద పెట్టింది.

శ్రావణి నిజం చెప్పకుండా ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఆమె మీద కోపం పెట్టుకోవడానికి ఒక కారణం దొరికేది. ఆమె చెప్పింది. మరియమ్మ విని కూడా సీసా అటే పెట్టింది.

సాయంత్రం రద్దీలో పాప ఏడ్చింది. అత్తయ్య వల్ల కాలేదు, నా ముందు గెస్టులున్నారు. శ్రావణి ఎత్తుకుంది. పాప ఆమె జడలోని చామంతి పట్టుకుని లాగి నవ్వింది. నా పని అయ్యాక చేతులు చాపితే నా వైపు చూసి, మొహం తిప్పి ఆమె భుజం మీద పడుకుంది. బలవంతంగా తీసుకుంటే ఏడ్చింది. సరిగ్గా అప్పుడే జనరల్ మేనేజరు గారు వచ్చారు. గుంటూరు నుంచి పౌర్ణమి ఏర్పాట్లు చూడ్డానికి వచ్చారు. మా అందరికంటే పై అధికారి ఆయనే. "ఎవరి పాప?" అన్నారు. నాదేనన్నాను. తల ఊపి, పాప బుగ్గ మీద వేలితో తట్టి లోపలికి వెళ్ళారు.

పౌర్ణమి బాగా జరిగింది. ఎప్పుడూ వచ్చే జనం రాలేదు గాని, వచ్చినవాళ్ళు తెల్లవారుజామున నీళ్ళల్లోకి దిగారు, దొప్పల్లో దీపాలు వదిలారు. విజయవాడ పిల్లలు ఇసకలో ఆడారు. నాగమణి, మరియమ్మ ఎడమొహం పెడమొహంగానే దుప్పట్లు మార్చారు. రెండో రోజు మధ్యాహ్నం నాగమణే క్యారేజీ తీసుకుని సరుగుడు బ్లాకు మెట్ల మీదికి వెళ్ళింది. "తిండెందుకే నీకు, నాతో మాట్టాడవుగా" అంటూ మూత తీయడం నేను కౌంటర్లోంచి చూశాను.

నెలాఖరున శేషగిరి గారు నన్ను ఒక్కదాన్నే పిలిచారు. శ్రావణిని ఉంచుతున్నామన్నారు. "రేపు మళ్ళీ ఏదైనా జరిగిందనుకోండి, రాత్రికి రాత్రి డ్యూటీకి రమ్మంటే మీరు రాలేరు. తెనాలి నుంచి రావాలి, ఇంట్లో చంటిపిల్ల. మీ మంచికే చెబుతున్నానమ్మా."

సరుగుడు బ్లాకు తెరిపించింది ఆ చంటిపిల్లే కదండీ అన్నాను.

ఆయన కాదనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నిజమే. పాపని చూశాకే విజయవాడ ఆవిడ సంతకం పెట్టింది. పాపని చూశాకే జీఎం గారు ఈ మాట చెప్పారు" అన్నారు.

మా పనిలో వదిలి వెళ్ళేటప్పుడు చేతికిచ్చేవి ఎక్కువ ఉండవు. సొరుగు తాళం, పేరు బిళ్ళ, కంప్యూటరు పాస్‌వర్డు మూయించడం. అవి అయ్యాయి. శ్రావణి ఏడ్చింది. నేను ఏడవలేదు. నేను దించుకున్న కుర్చీని ఆమె మళ్ళీ ఎత్తు చేసుకోవడం చూడకూడదని గబగబా బయటికి వచ్చేశాను.

శ్రావణి ఇప్పుడు అక్కడ సూపర్‌వైజరు. ఫోనులో స్టేటస్‌లు పెడుతుంది, నేను చూస్తాను. మొన్న కార్తీకానికి రెండు బ్లాకులూ నిండాయి. ఆ ఫొటోలో మరియమ్మ, నాగమణి ఆమెకి చెరోపక్క నిలబడ్డారు, ఇద్దరి నడుములకీ గుత్తులున్నాయి. వెనక కౌంటరు మీద కనపడే పెన్నుల స్టాండు మాత్రం నాదే. అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది.

ఆ పనికి వెళ్ళాలనుకునే అమ్మాయిలకి నేను చెప్పగలిగింది కొంచెమే. ఎక్కడో తుపాకి పేలితే మీ ఒడ్డున పని తగ్గుతుంది. అప్పుడు మీ కంటికి కనపడేది తుపాకి పట్టినవాడు కాదు, పక్క కుర్చీలో మనిషి. గెస్టు భయపడుతుంటే కాపలా గురించి చెప్పకండి, గది గురించి చెప్పండి. మీకు పిల్లలుంటే ఆ సంగతి గెస్టుకి చెప్పండి. మేనేజరు కంట మాత్రం పడనివ్వకండి.